ఇద్దరల్లుళ్ళ బోరు

తోడల్లుళ్ళంటే ఒకే బావిలో పడ్డ ఇద్దరు మనుషులని వాళ్ళ మావగారు అంటుండేవారు. బావిలోకి తోసిందెవరో మాత్రం, పక్కన అత్తగారు ఉండగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ పెద్దమనిషి పోయేముందు ఉన్న ఒక్క ఇంటికీ నడిమధ్య గోడ పెట్టించి, ఎడమ సగం పెద్దకూతురికీ కుడి సగం చిన్నకూతురికీ ఇచ్చారు. గోడ వస్తూ వస్తూ అత్తగారి గది దగ్గర ఆగిపోయింది. గోడలకి కూడా ఆవిడంటే భయమే. ఆ గదికి అటొక తలుపు, ఇటొక తలుపు. పొద్దుటి కాఫీ ఒక ఇంట్లో, సాయంత్రం కాఫీ ఇంకో ఇంట్లో, మధ్యలో కబుర్ల రవాణా. కడుపులో చల్ల కదలకుండా బతకడమంటే ఏమిటో ఆవిడని చూసే నేర్చుకోవాలి.

పెద్దల్లుడిది రొట్టెల దుకాణం. పని మావగారి దగ్గరే నేర్చుకున్నాడు, దుకాణమూ ఆయన చేతిమీదుగానే వచ్చింది. రొట్టెలు కాల్చే ఇటుకల బట్టీ పెరట్లో ఒక చిన్న షెడ్డులో ఉండేది. పిండి పొంగబెట్టే గది ఇంట్లో, వెనకవైపు. రాత్రి కలిపి పళ్ళేల్లో సర్దిన పిండి తెల్లారేలోపు ఆ గదిలో పొంగాలి. పొంగాకే బట్టీ అంటించడం. గది వెచ్చగా ఉంటే పిండి దాని పని అది చేసుకుపోతుంది. చల్లగా ఉంటే అలిగి కూర్చుంటుంది. అలిగిన పిండితో కాల్చిన రొట్టె ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుందేమోగానీ తినడానికి పనికిరాదు.

చిన్నల్లుడు అద్దాల తొట్లలో రంగురంగుల చేపలు పెంచి అమ్మేవాడు. అవి వెచ్చటి నీళ్ళ చేపలు. కాస్త చలేస్తే మూలకి చేరి, ఇంకాస్త చలేస్తే పైకి తేలిపోయే రకం.

అల్లుళ్ళిద్దరికీ మాటలు లేవు. కారణం ఆస్తి కాదు, ఒక చేప. మావగారు పోయిన ఏడాది చిన్నల్లుడి తొట్లోకి ఒక పెద్ద నారింజరంగు చేప వచ్చింది. బుగ్గలు వేలాడుతూ, కింది పెదవి ముందుకు పొడుచుకొచ్చి, ఎవరో రొట్టె మాడ్చినట్టు చూసేది. అత్తగారు దాన్ని చూసి, "అయ్యో, అచ్చం ఆయనే!" అంది. ఆ రోజునుంచి దాని పేరు మావగారు. చిన్నల్లుడు దాన్ని అమ్మకుండా ఉంచేసుకుని, "మావగారికి మేత వేశావా?", "మావగారి నీళ్ళు మార్చావా?" అని పెళ్ళాన్ని అడగడం మొదలెట్టాడు. గోడవతల అది విన్న పెద్దల్లుడికి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంది. తనకి పని నేర్పిన మనిషిని చేపని చేస్తారా? పోనీ చేపైనా మర్యాదగా ఉందా? ఒకే ఒకసారి చూడ్డానికి వెళ్తే, తొట్లో వెనక్కి తిరిగి తోక చూపించింది. మావగారు బతికున్నప్పుడు కోపమొస్తే చేసిన పనీ అదే. ఆ పోలికే అతనికి మరీ గుచ్చుకుంది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అలా ఉండగా ఇళ్ళల్లో కట్టెలూ బొగ్గులూ కాల్చకూడదని ఊరి పెద్దలు నిర్ణయించారు. బట్టీకి ఎత్తయిన పొగగొట్టం ఉంది గనక దాన్ని వదిలేశారు. పిండిగదిలో రాత్రంతా వెలిగే కట్టెల కుంపటీ, చేపలాయన బొగ్గు పొయ్యీ మాత్రం బయటికి నడిచాయి. వాటికి బదులు నేలలోని వేడి వాడుకోవచ్చని చెప్పారు. దానికి లోతుగా బోరు వెయ్యాలంటే పెద్ద లారీ రావాలి. ఆ సందులోకి లారీ వచ్చి నిలబడగలిగిన చోటు ఒక్కటే ఉంది. అది సరిగ్గా రెండు పెరళ్ళకీ మధ్య గోడ కింద.

"రెండు బోర్లెందుకు? నేను ఇద్దరు కూతుళ్ళకి రెండు చోట్ల అన్నం వండానా?" అని అత్తగారు తీర్పు చెప్పేసింది.

గోడలో ఒక ముక్క పగలగొట్టి, బోరు వేసి, మళ్ళీ కట్టేశారు. అత్తగారి గది కింద ఉన్న చీకటి కొట్లో పంపు బిగించారు. బిగించడానికి వచ్చిన మెకానిక్ అమ్మాయికి నవ్వు రాదు, నవ్వించాలన్న ఆశా లేదు.

"లోపలికి వెళ్ళేకొద్దీ నేల ఎండాకాలం, చలికాలం అని లేకుండా ఒకేలా గోరువెచ్చగా ఉంటుందండీ," అంది. "గొట్టంలో నీళ్ళు కిందికి వెళ్ళి ఆ వెచ్చదనం తెచ్చుకుంటాయి. ఈ పంపు దాన్ని పోగుచేసి మీ రెండిళ్ళకీ పంపిస్తుంది. ఎవరింట్లో చక్రం వాళ్ళది. ఇటు తిప్పితే ఎక్కువ, అటు తిప్పితే తక్కువ."

"అయిపోదు కదా?" అని అడిగింది అత్తగారు.

"అయిపోదండీ. కాకపోతే మితంగా వాడుకోవాలి."

మితంగా అన్న మాట వినగానే అల్లుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మాట ఎదటివాడికి చెప్తోందని ఇద్దరికీ అర్థమైంది.

మొదట్లో అంతా స్వర్గం. పొగ లేదు, దగ్గు లేదు, రాత్రి మధ్యలో లేచి కట్టె ఎగదొయ్యడం లేదు. పిండి ఎంత చక్కగా పొంగేదంటే, పెద్దల్లుడు తెల్లారి ఆ గది తలుపు తీసి, పళ్ళేల మీద గుడ్డ ఎత్తి, పసిపిల్లల్ని చూసినట్టు చూసి మురిసిపోయేవాడు. చలికాలం దిగేదాకా ఆ మురిపెం సాగింది.

ఒక సాయంత్రం అత్తగారు చిన్నకూతురింట్లోంచి ఇటు వచ్చి, శాలువా భుజాలమీదికి లాక్కుని, పెద్దల్లుడి ఎదురుగా కూర్చుని నిట్టూర్చింది.

"అవతలింట్లో ఎంత వెచ్చగా ఉందో నాయనా. చేపలకి కూడా చెమట పడుతోందంటే నమ్ము."

పెద్దల్లుడు కాఫీ కప్పు కింద పెట్టి, లేచి వెళ్ళి, చక్రం ఇంకొంచెం ఇటు తిప్పొచ్చాడు. కాసేపటికి అత్తగారు శాలువా తీసి మడతపెట్టింది.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు ఇంకాస్త ఘాటుగా, "అక్కడ నిలబడలేక వచ్చేశాను నాయనా, అంత వేడి," అంది. చక్రం రోజుకింత తిరుగుతూ తిరుగుతూ చివరికి వెళ్ళి ఆగిపోయింది. ఇల్లు కాగిపోయింది. కిటికీలు తెరవక తప్పలేదు. బయట జనం చెవులకి మఫ్లర్లు చుట్టుకుని గజగజ వణుకుతూ పోతుంటే, పెద్దల్లుడు బనీనుతో కిటికీ దగ్గర నిలబడి విసనకర్రతో విసురుకునేవాడు.

"మనం కాపురం చేస్తున్నది ఇంట్లోనా, బట్టీలోనా?" అని పెళ్ళాం అడిగింది. "కాస్త తగ్గించొచ్చు కదండీ?"

"మనం తగ్గిస్తే ఆ మిగిలింది అవతలివాడు లాగేసుకుంటాడు. మన వాటా వేడి వదిలేసుకోమంటావా?"

"వేడికి వాటా ఏమిటండీ?"

"బోరెవరిది? మీ అమ్మది. నేల ఎవరిది? మీ అమ్మది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు లోకంలో. ఆ అల్లుణ్ణి మాత్రం నేను కాను."

పెళ్ళాం వెళ్ళి, పెరటి గోడ మీంచి చెల్లెల్ని పిలిచింది. గోడ కట్టిన నాటినుంచీ అక్కచెల్లెళ్ళకి అదే కాలక్షేపం. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. గోడవతల కిటికీలో చిన్నల్లుడు కూడా బనీనుతోనే నిలబడి ఉన్నాడు, కిటికీ బార్లా తీసి. అది చూసి పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. ఎలాగూ మండుతూనే ఉంది గనక పెద్ద తేడా తెలియలేదు.

చలి ముదిరిన ఒక పొద్దున అతను పిండిగది తలుపు తీసి, గుడ్డ ఎత్తి, అలాగే నిలబడిపోయాడు. పిండి రాత్రి ఎలా పెట్టాడో అలాగే ఉంది. గది చల్లగా ఉంది. చక్రం చూస్తే చివరిదాకా తిప్పే ఉంది. గోడ వెంట పోయే గొట్టం మీద చెయ్యి వేస్తే, చల్లగా, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నట్టు ఉంది.

ఆరోజు రొట్టెలు కొన్న పంతులుగారు సగం రొట్టె తిరిగి పట్టుకొచ్చారు. "బాబూ, నా పన్ను ఒకటి ఇందులో ఉండిపోయింది. పన్నిచ్చేస్తే చాలు, రొట్టె నువ్వే ఉంచుకో," అన్నారు. మర్నాడు ఆయన, వీధిలో ఎదురుగా కొత్తగా తెరిచిన పెద్ద దుకాణంలోకి వెళ్తూ, పెద్దల్లుడికి కనబడకుండా ఉండాలని గొడుగు అడ్డం పెట్టుకున్నారు. వాన లేదు. ఆ గొడుగు చూశాక పెద్దల్లుడికి మొదటిసారి నిజంగా భయమేసింది. ఫ్యాక్టరీలో మర కోసిన రొట్టెలు అక్కడ బీరువాలో చీరల్లా వరసగా ఉన్నాయి. ఇలాగే ఇంకొన్నాళ్ళు పిండి పొంగకపోతే, మావగారు జీవితమంతా నిలబెట్టిన దుకాణం తన చేతుల్లో మూతపడుతుంది. చివరి రోజుల్లో మంచం మీంచి లేవలేకపోయినా, ఆ పెద్దమనిషి ప్రతి పొద్దునా ఒకే ప్రశ్న అడిగేవారు. "పిండి పొంగిందా?" పొంగిందని చెప్తే కళ్ళు మూసుకునేవారు.

ఇదంతా అవతలివాడి పనేనని అతనికి అనుమానం లేదు. కింద కొట్లో ఇద్దరి గొట్టాలకీ చెరొక వాల్వు ఉంది. తన ఇంటి వాల్వు ఎవడో కట్టేసి ఉంటాడు. మధ్యాహ్నం వీధంతా కునుకు తీసే వేళ చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. చీకట్లో తడుముకుంటూ వాల్వు కోసం చెయ్యి చాస్తే ఇంకో చెయ్యి తగిలింది. వెచ్చగా, తడిగా, చేపల వాసన వేస్తూ.

ఎవరి మోచెయ్యి తగిలిందో, లైటు వెలిగింది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ చెప్పులే.

"దొరికావయ్యా! నా వేడి దొంగిలిస్తావా?" అన్నాడు పెద్దల్లుడు.

"నేనా? మా ఇంట్లో నీళ్ళు ఐసైపోతుంటే ఏం జరిగిందో చూద్దామని వచ్చాను. వేడంతా మీరే లాగేసుకున్నారు అన్నయ్యగారూ!"

"మా ఇంట్లోనూ చల్లగానే ఉంది!"

"మరి వేడెవరు తీసుకున్నట్టు?"

ఇద్దరూ వంగి గొట్టాలు చూశారు. రెండు వాల్వులూ పూర్తిగా తెరిచే ఉన్నాయి. పంపు పాపం తన శక్తికొద్దీ రొప్పుతోంది. నేలలోంచి వచ్చే గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుపోయి ఉంది.

మెకానిక్ అమ్మాయి వచ్చి ఆ మంచు చూసింది. పెరట్లోకెళ్ళి, మూయడం మరిచిపోయిన కిటికీలు చూసింది. కిటికీల్లో ఆరేసిన బనీనులు చూసింది.

"మీరిద్దరూ కలిసి వీధి మొత్తానికి చలి కాచారండీ," అంది. "బోరు చుట్టూ నేల చల్లారిపోయింది."

"నేల చల్లారడమేమిటమ్మా? అయిపోదన్నావు కదా!"

"అయిపోదండీ. తీసింది మళ్ళీ నిండుతుంది. నిండడానికి టైమివ్వాలి కదా. పాలిచ్చే గేదెని కూడా రాత్రీ పగలూ పితుకుతూ కూర్చోరు ఎవరూ."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఊరికే వదిలేస్తే ఎండలు ముదిరేదాకా. ఇప్పటినుంచే కావాలంటే ఒక దారి ఉంది." ఆ అమ్మాయి వేలెత్తి బట్టీ పొగగొట్టం చూపించింది. "పొద్దున్నంతా ఆ గొట్టంలోంచి బోలెడు వేడి ఆకాశంలోకి పోతోంది. దాని చుట్టూ ఒక నీళ్ళ గొట్టం చుట్టి, ఆ వేడిని నేలలోకి పంపిస్తే నేల తొందరగా కోలుకుంటుంది. పగలు దాచుకుంటారు, రాత్రి వాడుకుంటారు."

పెద్దల్లుడు ఆలోచించాడు. ఆలోచన అంతా ఒక్క చోటే ఆగింది. "దాచేది నా బట్టీ వేడి. వాడుకునేది నేనొక్కణ్ణేనా?"

"కింద గోడ లేదండీ."

"అంటే తెల్లారకుండా లేచి చెమటోడ్చి బట్టీ మండించేది నేను, ఆ వేడిలో ఈత కొట్టేది ఆయన చేపలా? కుదరదు."

"సరేనండీ," అని ఆ అమ్మాయి పంపు ఆపేసి, సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయింది. బతిమాలడం తన ఉద్యోగంలో భాగం కాదు.

అతనికి ఆ సాయంత్రమే ఉపాయం తట్టింది. బట్టీ ఇటుకలు మంట ఆరిపోయాక కూడా తెల్లవార్లూ వెచ్చగా ఉంటాయి. పిండి పళ్ళేలన్నీ షెడ్డులోకి మోసుకెళ్ళి, ఇటుకలకి ఆనించి దొంతర పెట్టాడు. ఇక అందులో పిల్లి దూరే చోటు కూడా మిగల్లేదు. పొద్దున గుడ్డ ఎత్తితే పిండి నిండుగా పొంగి పళ్ళేలు దాటి చూస్తోంది. ఆనందం పట్టలేక అతను వేడివేడి రొట్టె ఒకటి తుంచి, గోడవైపు కిటికీ దగ్గర నిలబడి, అవతలికి వినబడేలా కరకరలాడించి తిన్నాడు. చేపలాయన ఏం చేసుకుంటాడో చేసుకోమను.

గోడవతల గిన్నెల చప్పుడు మొదలైంది. నీళ్ళు కాచడం, తొట్లలో పొయ్యడం, మళ్ళీ కాచడం. పొద్దున్న వినబడింది, మధ్యాహ్నం వినబడింది, సాయంత్రానికి నెమ్మదించింది. చిన్నల్లుడు ఒక బకెట్టు పక్కన పెట్టుకుని పెరట్లో గొయ్యి తవ్వుతుండడం పెద్దల్లుడు కిటికీలోంచి చూశాడు. బకెట్లో ఏముందో అడగక్కర్లేదు. తను ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే. తీరా కళ్ళముందు జరుగుతుంటే, కిటికీ రెక్క మూసేశాడు. తనమీద తనకే రోత పుట్టింది.

మధ్య తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. శాలువా ఎక్కడో జారిపోయింది. మామూలుగా ఆవిడ ఏడిస్తే ముందు ఎవరెవరు చూస్తున్నారో చూసుకుని ఏడ్చేది. ఇప్పుడు అదేం లేదు.

"మావగారు అడుక్కి పోయారు నాయనా. పక్కకి ఒరిగిపోయారు. పిలిస్తే పలకట్లేదు."

"అది చేప అత్తయ్యా," అన్నాడు పెద్దల్లుడు, కుర్చీ ఆవిడవైపు జరుపుతూ.

"అంతా నేనే చేశాను," అని ఆవిడ కుర్చీలో కూలబడింది. "మోకాళ్ళు లాగుతుంటాయి కదా నాకు. ఇటొచ్చి అవతలింట్లో వెచ్చగా ఉందనేదాన్ని. అటెళ్ళి ఇక్కడ వెచ్చగా ఉందనేదాన్ని. మీరు చక్రాలు తిప్పేవాళ్ళు. రెండిళ్ళ గొట్టాలూ నా గది కిందనుంచేగా వెళ్ళేది. హాయిగా ఉండేది."

పెద్దల్లుడికి చలికాలమంతా బనీనుతో నిలబడి విసురుకున్న తన రూపం కళ్ళముందు కదిలింది.

"కావాలంటే అడగొచ్చు కదా అత్తయ్యా! కాస్త వేడి పెంచమని ఒక్క మాట!"

"అడిగితే చూద్దాం అత్తయ్యా అంటారు ఇద్దరూ. మీ మావయ్య మంచమ్మీద ఉన్నప్పుడు, నా గది కిటికీ రెక్క ఊడిందని అడిగాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. అవతలింటి సంగతి చెప్తే మాత్రం పరిగెత్తుకెళ్తారు. నేనేం చెయ్యను?"

పెద్దల్లుడు మధ్య తలుపులోంచి రెక్క లేని ఆ కిటికీ వైపు చూశాడు. లేచి, అత్తగారి గదిలోంచి అవతలింట్లోకి నడిచాడు. గోడ లేచాక ఆ గుమ్మం తొక్కడం ఇది రెండోసారి.

సగం తొట్లు ఖాళీగా ఉన్నాయి. చిన్నల్లుడు పెద్ద తొట్టి ముందు మోకాళ్ళమీద కూర్చుని, చెంబుతో వేణ్ణీళ్ళు కొంచెం కొంచెంగా వంపుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తొట్టి అడుగున నారింజరంగు చేప ఒక పక్కకి ఒరిగి, బుగ్గలు వేలాడేసి, కింది పెదవి నెమ్మదిగా కదుపుతోంది. పెద్దల్లుడు వంగి చూశాడు. ఈసారి అది వెనక్కి తిరగలేదు. తిరిగే ఓపిక లేదు. చివరి రోజుల్లో మావగారి పెదవి అలాగే కదిలేది. చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చేది. అది గుర్తొచ్చి అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

"లేవయ్యా తమ్ముడూ. సగం నీళ్ళు తీసేసి తొట్టి అటుపక్క పట్టుకో."

"ఎక్కడికి అన్నయ్యగారూ?"

"బట్టీ దగ్గరికి. ఇటుకలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి."

"అక్కడ మీ పళ్ళేలున్నాయి కదా! చోటెక్కడిది?"

"తీసేస్తాను."

"మరి పిండి?"

"పిండికేం, ప్రాణముందా?" అన్నాడు పెద్దల్లుడు. పిండికి ప్రాణం ఉంటుందని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ కూర్చోబెట్టి చెప్పే మనిషి అన్న మాట ఇది.

తొట్టి మొయ్యడం మాటలు కాదు. అత్తగారి గదిలో మలుపు తిరిగేటప్పుడు నీళ్ళు ఒలికి ఆవిడ పరుపు తడిసింది. "జాగ్రత్త! ఆయనకి కుదుపులు పడవు!" అని ఆవిడ వెనకాల కేకలు. అక్కచెల్లెళ్ళు ఒకరు దుప్పటీ, ఒకరు దీపం పట్టుకుని ముందు నడిచారు. దారినపోయేవాళ్ళు చూస్తే ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదో అయిందనే అనుకుంటారు. మిగిలిన చేపలనీ గిన్నెల్లో, చెంబుల్లో మోసుకొచ్చి ఇటుకల పక్కన సర్దారు. చోటు చాలక పిండి పళ్ళేలు చాలావరకు బయట చలిలోకి వెళ్ళాయి.

పొద్దున ఆ పిండి అలిగే ఉంది. పొంగిన కాసినీ కాల్చి, అవి అమ్ముడయ్యాక పెద్దల్లుడు దుకాణం తలుపు సగం దించేశాడు. ఎదురు దుకాణంలో జనం కిటకిటలాడుతున్నారు. అతను అటు చూడకుండా షెడ్డులోకి వెళ్ళాడు. బట్టీ పక్కన తొట్లో మావగారు నిటారుగా ఉన్నారు. తోక కొద్దికొద్దిగా కదులుతోంది. గోనెసంచి పరుచుకుని రాత్రంతా అక్కడే ఉన్న చిన్నల్లుడు చేతులు జోడించి ఏదో అనబోయాడు.

"అవన్నీ తర్వాత. ముందు ఆ మెకానిక్ అమ్మాయిని పిలు," అన్నాడు పెద్దల్లుడు. "పొగగొట్టానికి గొట్టం చుట్టించాలి."

చుట్టించారు, పంపు మళ్ళీ తిప్పించారు. బట్టీ మండినంతసేపూ వేడి నేలలోకి దిగేది. ఎదురు దుకాణంలోకి పోయే వాళ్ళని చూస్తూ కొన్నాళ్ళు పళ్ళ బిగువున గడపాల్సి వచ్చింది. నేల మెల్లగా వెచ్చబడింది. గొట్టం మీద మంచు కరిగింది. పిండి ముందు బద్ధకంగా, తర్వాత హుషారుగా పొంగడం మొదలెట్టింది. ఒకరోజు పంతులుగారు గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి రొట్టె అడిగారు. పెద్దల్లుడు కూడా ఏమీ ఎరగనట్టే ఇచ్చాడు. అల్లుళ్ళిద్దరూ కలిసి అత్తగారి కిటికీకి రెక్క బిగించారు. చేపలన్నీ ఇంటికి వెళ్ళాయి గానీ పెద్ద తొట్టిని చిన్నల్లుడు మోయబోతే, "అది ఇక్కడే ఉండనీ," అన్నాడు పెద్దల్లుడు. చిన్నల్లుడు దాన్ని మళ్ళీ ఇటుకల పక్కకి జరిపాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం అత్తగారు శాలువా లాక్కుంటూ వచ్చి పెద్దల్లుడి ఎదురుగా కూర్చుంది.

"అవతలింట్లో బొత్తిగా చల్లగా ఉంది నాయనా. పాపం."

పెద్దల్లుడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ పైకప్పు చూసింది. అయినా లేచి, పొంగే పిండికి సరిపడా ఉంచి, ఇంటి చక్రం అటు తిప్పి తగ్గించేశాడు. అది చాలదేమోనని, తన వాల్వు కూడా కాస్త బిగించడానికి కొట్లోకి దిగాడు. అక్కడ చిన్నల్లుడు తన వాల్వు కట్టేస్తూ కనిపించాడు.

"మీ ఇంట్లో చల్లగా ఉందట కదా అన్నయ్యగారూ."

"నీ ఇంట్లో చల్లగా ఉందని నాకు చెప్పింది."

ఇద్దరూ పైకప్పు వైపు చూశారు. పైన అత్తగారి గదిలో కొత్త కిటికీ రెక్క తెరిచిన చప్పుడైంది. మిగిలిన వేడంతా ఇంకెక్కడికి పోతుంది? పంపు ఆవిడ గది కిందే ఉంది.

"సరే, నువ్వు తిప్పుకో," అన్నాడు పెద్దల్లుడు.

"లేదు, ముందు మీరు తిప్పుకోండి."

"చిన్నవాడివి, నువ్వే తిప్పుకోవయ్యా!"

"పెద్దవారు, మీరుండగా నేనా?"

గొంతులు పెరిగాయి. అటునుంచి అక్కా, ఇటునుంచి చెల్లెలూ, "మీ మర్యాదలు మండా! ఇక్కడ మేం చలికి చస్తున్నాం!" అని ఒక్కసారే అరిచారు. ఇద్దరూ తలొక వాల్వూ చెరి సగం తిప్పి, పెళ్ళాల కంట పడకుండా పెరట్లోంచి బట్టీ షెడ్డులోకి జారుకున్నారు.

ఇటుకలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మర్నాటి రొట్టెల కోసం కొత్తగా కలిపిన పిండి ఒక పళ్ళెంలో ఉంది. పెద్దల్లుడు గుడ్డ కొంచెం ఎత్తి చూసుకుని, అలవాటుగా తొట్టి వైపు తిరిగాడు.

"పొంగుతోంది మావయ్యగారూ," అన్నాడు.

చేప అద్దం దగ్గరికి వచ్చి, కింది పెదవి ఒకసారి కదిపి, ఆగింది. చేపలన్నీ చేసే పనే అది. చిన్నల్లుడు ఆ మాట అనకుండా, గోనెసంచి మీద పక్కకి జరిగి అతనికి చోటిచ్చాడు.